గుంటూరులో బర్త్‌డే జోకర్ సర్వీస్: మనిషికి అయిదు స్టార్లు, ప్యాకేజీకి రెండు

పిల్లల పుట్టినరోజుకి జోకర్‌ని పిలవాలా వద్దా, పిలిస్తే ఎలా పిలవాలి అని ఆలోచించేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మా అక్క కొడుక్కి ఆరేళ్లు నిండితే కొరిటెపాడు వైపు ఒక చిన్న ఏసీ హాల్లో ఫంక్షన్ చేశాం. డెకరేషన్, కేకు టేబులు, యాంకర్, డీజే, జోకర్ అన్నీ కలిపి ఒకే ఈవెంట్ వాళ్లకి ఇచ్చేశాం. వాళ్ల పేరు రాయట్లేదు, ఎందుకంటే తర్వాత నలుగురిని విచారిస్తే గుంటూరులోనూ బెజవాడలోనూ ఈ పని చేసేవాళ్లలో చాలామంది పద్ధతి ఇంచుమించు ఇదేనని తెలిసింది, ఒక్కరి మీద పెట్టడం న్యాయం కాదు. జోకర్‌కి అరగంటకి రెండున్నర వేలు వేశారు, బెలూన్ ఆర్చ్‌కి అంతకు రెట్టింపు. ఆ వచ్చినాయన చేసిన పని చూశాక ఈ రేట్లు తిరగబడి ఉన్నాయని నా గట్టి నమ్మకం.

ముందు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారు. మొదటిది రబ్బరు మాస్క్ జోకర్, అన్నిటికన్నా చవక. దయచేసి తీసుకోకండి. మాస్క్‌లో నవ్వు అచ్చుపోసి ఉంటుంది, లోపలి మనిషి ఏం చేస్తున్నా పైన అదే నవ్వు, కళ్లు కనపడవు, మూడేళ్ల పిల్లకి అది మనిషో బొమ్మో తెలీక ఏడుస్తుంది, మనవాళ్లేమో ‘ఏం కాదమ్మా, వెళ్లు, షేక్‌హ్యాండ్ ఇవ్వు’ అని ముందుకి తోస్తారు, ఇంకా ఏడుస్తుంది. పైగా స్టీఫెన్ కింగ్ 1986లో రాసిన ‘ఇట్’ నవల ఈ పిల్లలు చదవకపోయినా దాని సినిమా ముక్కలు ఎవరో ఒకరి ఫోన్లో చూసేసి ఉంటున్నారు, డ్రైనేజీలోంచి బెలూన్ చూపించి పిలిచే ఆ జోకర్ మొహం వాళ్లకి ముందే తెలుసు. కదలని మొహంతో మనిషి ఎదురొస్తే పిల్లలకి గుర్తొచ్చేది అదే.

రెండోది ‘సినిమా జోకర్’. ఆకుపచ్చ జుట్టు, ఊదా రంగు కోటు, చెవుల దాకా చీరిన ఎర్ర నోరు. మా ఇంట్లో ఇంటర్ చదివే కుర్రాళ్లిద్దరూ ఇదే కావాలని పట్టుబట్టారు. ఆ పాత్రంటే నాకూ ఇష్టమే. 1940లో బ్యాట్‌మ్యాన్ కామిక్ మొదటి సంచికలో పుట్టాడు, అదే సంచికలో చంపేద్దామనుకుంటే ఎడిటర్ అడ్డం పడి బతికించాడు, తర్వాత తర్వాత హీత్ లెడ్జర్‌కి ఒకటి, వాకీన్ ఫీనిక్స్‌కి ఒకటి ఆస్కార్ తెచ్చిపెట్టాడు. కానీ ఆ మొహం కామిక్ కంటే చాలా పాతది. విక్టర్ హ్యూగో 1869లో రాసిన ఒక నవలలో చిన్న పిల్లాడి నోరు కోసి, ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండిపోయేలా చేస్తారు, వాడు పెద్దయ్యాక సంతల్లో ఆ మొహం చూపించుకుని బతుకుతాడు. 1928లో అది సినిమాగా వస్తే ఆ వేషం వేసిన కాన్రాడ్ ఫైట్ ఫొటోయే కామిక్ జోకర్ మొహానికి ఆధారమైంది. అంటే ఆ నవ్వు అడుగున ఒక పసివాడికి జరిగిన ఘోరం ఉంది. ఇదంతా తెలిసిన పద్దెనిమిదేళ్ల కుర్రాడి పార్టీకి ఆ వేషం బ్రహ్మాండంగా ఉంటుంది, ఆరేళ్ల పిల్లాడి కేకు పక్కన ఆ కత్తిగాట్లు ఎందుకు? మా కుర్రాళ్లకి అదే చెప్పాను, కాసేపు వాదించినా ఒప్పుకున్నారు.

మూడోది మామూలు సర్కస్ జోకర్, మొహానికి రంగు పూసుకుని వచ్చేవాడు. మేం తీసుకుంది ఇదే, మీరూ ఇదే తీసుకోండి.

వచ్చినాయనకి యాభై దాటి ఉంటాయి. స్కూటీ మీద ఒక పెద్ద సంచితో వచ్చాడు. హాలు వెనక చేతులు కడుక్కునే చోట అద్దం ముందు నిలబడి, ముందు కొబ్బరినూనె పల్చగా పట్టించి, దాని మీద తెల్ల రంగు పెట్టుకున్నాడు. మొహమంతా కాదు. కళ్ల చుట్టూ, నోటి చుట్టూ మాత్రమే పూసుకుని మిగతా చోట తన చామనఛాయ అలాగే వదిలేశాడు. ఎందుకు బాబాయ్ అని అడిగితే ‘మొత్తం తెలుపు కొడితే పిల్లోళ్లు మనిషనుకోరండీ’ అన్నాడు. యూరప్ సర్కస్‌లో సరిగ్గా ఇదే తేడా ఉంది. మొహమంతా తెలుపు పూసుకున్న క్లౌన్ దర్జాగా ఉంటాడు, పెత్తనం చేస్తాడు. కళ్లకీ నోటికీ మాత్రమే తెలుపు పెట్టుకునేవాణ్ణి ఆగస్ట్ అంటారు, వాడు తన్నులు తినేవాడు, కుర్చీలో కూర్చోవడం కూడా చేతకానివాడు, అందుకే పిల్లలు వాణ్ణి తమవాడనుకుంటారు. ఈయనకి ఆ పేర్లు ఎవరూ చెప్పి ఉండరు, ఎన్నో ఏళ్లుగా పిల్లల మొహాలు చూసి తనే కనిపెట్టుకున్నాడు.

లోపలికి రాగానే గోల గోల. పిల్లలందరూ మీద పడ్డారు, మా బావగారి చెల్లెలి కూతురు, రెండేళ్ల పాప తప్ప. అది వాళ్లమ్మ భుజంలో మొహం దాచుకుని కీచుమంటోంది. ఇలాంటప్పుడు చాలామంది జోకర్లు బుగ్గ గిల్లడానికి దగ్గరికి వెళ్తారు. ఈయన దూరంగా జరిగాడు. పాపకి వీపు పెట్టి నేల మీద కూర్చుని, తన పెద్ద బూటు ఒకటి విప్పి, అందులో ఏదో పడిపోయినట్టు చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. మోచేతి దాకా పెట్టాడు, దొరకలేదు. బూటుని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని ‘హలో’ అన్నాడు. పాప ఏడుపు ఆగింది. ఆయన తిరగలేదు. ‘ఎవరండీ? నరసరావుపేటా? కాదండీ, ఇది గుంటూరు... మిరపకాయలా? మా దగ్గర బూట్లే ఉన్నాయండీ’ అని అవతలివాళ్లతో గొడవ పెట్టుకున్నాడు. పాప తల తిప్పి చూసింది, ఆయన ఇంకా తిరగలేదు, బూటు మాత్రం వెనక్కి చాచి ‘అమ్మా, నీకే ఫోను’ అన్నాడు. పాప కిందకి దిగి వెళ్లి ఆ బూటు పట్టుకుంది. మొత్తం నాలుగైదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పూట ఆ హాల్లో డబ్బు తీసుకుని పనిచేసిన అందరిలోనూ ఇంత పనితనం ఇంకెవరి దగ్గరా నాకు కనపడలేదు.

తర్వాత మాటల్లో తెలిసింది, కుర్రతనంలో పల్లెటూళ్లలో బుర్రకథ దళంతో తిరిగాడట, హాస్యం వంత. ఆ టైమింగ్ ఎక్కడిదో అప్పుడర్థమైంది. చూడనివాళ్లకి చెప్తున్నా: మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని కథ నడిపిస్తాడు, రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు పల్నాటి యుద్ధంలో కత్తి దూసే ఘట్టంలో ఉంటాడు, సరిగ్గా అప్పుడే హాస్యం వంత ‘అది సరేగానీ...’ అని అడ్డం తగిలి ఆ ఊరి కబురొకటీ ఆ రోజు బజారు ధరొకటీ అందులో దూరుస్తాడు, జనం పగలబడి నవ్వుతారు, మళ్లీ తందాన తాన, మళ్లీ యుద్ధం. ఈ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు ఈ కళతోనే 1986లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి నేల మీద ఆ విద్య నేర్చినాయన ఇప్పుడు బెలూన్ ఆర్చ్ పక్కన నిలబడుతున్నాడు.

జోకర్‌కి ప్రాణం ఆ అడ్డం తగిలే స్వేచ్ఛలోనే ఉందని నేననుకుంటాను. కథలో ఉంటూనే కథ బయట కూర్చున్నవాళ్లతో మాట్లాడే చనువు అతనికి ఉంటుంది. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ వాళ్లలో వాళ్లు పద్యాలు చదువుకుంటారు, కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు మాత్రం నేరుగా మనతో మాట్లాడతారు, వాళ్లకి త్రేతాయుగమా కలియుగమా అన్న పట్టింపు లేదు. భామాకలాపంలో మాధవి కూడా అంతే, సత్యభామకి చెలికత్తెగా ఉంటూనే ఆమెని ఆటపట్టించి మనందరి ముందూ కథంతా రాబడుతుంది. సంస్కృత నాటకాల్లో విదూషకుడు రాజుని ‘వయస్యా’ అని పిలుస్తాడు, రాజు విరహంలో ఉంటే తన ఆకలి గురించి చెప్తాడు. నాట్యశాస్త్రం అతన్ని పొట్టివాడు, ఎత్తుపళ్లవాడు, గూనివాడు, బట్టతలవాడు అని వర్ణించింది. అలాంటివాడే, మృచ్ఛకటికంలో ఆస్తంతా పోయిన చారుదత్తుణ్ణి వదలకుండా అంటిపెట్టుకుని ఉన్న మైత్రేయుడు. షేక్‌స్పియర్ కింగ్ లియర్‌లో రాజ్యం కూతుళ్లకి పంచేసి గాలివానలో నిలబడ్డ ముసలి రాజుకి, నువ్వు చేసింది తెలివితక్కువ పని అని మొహం మీద చెప్తూనే చివరిదాకా పక్కన ఉండాలని చూసేది ఆస్థాన జోకర్. మూడో అంకం తర్వాత అతను మళ్లీ కనపడడు, ఏమయ్యాడో నాటకం చెప్పదు, రాజు చావు కంటే నన్ను అదే ఎక్కువ బాధపెడుతుంది.

మా హాల్లో ఈయన చేసింది కూడా అదే కోవలోది. మా తాతయ్య, ఆ సాయంత్రమంతా ఎవరూ సరిగ్గా పలకరించక మూల కుర్చీలో కూర్చున్న మనిషి, ఆయన చేతిలో తన ఎర్ర ముక్కు పెట్టి ‘పెద్దాయనా, కాస్త చూస్తుండండి, ఇప్పుడే వస్తా’ అని వెళ్లాడు. వెళ్లి, నా ముక్కు ఎవరో ఎత్తుకెళ్లారని హాలంతా వెతకడం మొదలుపెట్టాడు. అది ఎక్కడుందో పిల్లలందరికీ తెలుసు, తాతయ్య తాతయ్య అని గొంతు చించుకుంటున్నారు, ఆయనకి వినపడదు, కేకు కింద చూస్తాడు, ఫొటోగ్రాఫర్ జేబులో చూస్తాడు. చివరికి తాతయ్య ఆ ముక్కు తనే పెట్టేసుకున్నాడు. పిల్లలతో పాటు మా నాన్న, బాబాయిలు, వంటవాళ్లు కూడా కడుపు పట్టుకుని నవ్వారు.

ఇక ప్యాకేజీ సంగతి. అరగంటలో సగానికి పైగా ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చినవాళ్లకి బెలూన్లు ఇప్పించారు, సెల్ఫీలు దిగించారు. ఆ పనికి మనిషెందుకు, స్టాండు చాలు. మైకు మొత్తం యాంకర్ చేతిలోనే. పైన రాసిన బూటు ఫోను, ముక్కు ఆట రెండూ మైకు లేకుండా ఆయన గొంతు చించుకుని చేసినవే, ముక్కు ఆట మంచి రసపట్టులో ఉండగా డీజే ఒక్కసారి సౌండ్ పెంచాడు, యాంకర్ ‘జోకర్ అన్నా, స్టెప్పులు, స్టెప్పులు’ అని అరుపు. నేను వెళ్లి డీజే ఆపించాను. మేనేజర్ ‘సార్, ఫ్లో దెబ్బతింటుంది’ అన్నాడు. అసలు ఫ్లో అక్కడ నడుస్తున్నదే అని ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి కాసేపు పట్టింది. డెకరేషన్ బాగుంది, టైముకే వచ్చారు, ఫొటోలు కూడా చెప్పిన రోజుకి ఇచ్చారు. రెండు స్టార్లు వాటికి.

అన్నిటికన్నా కోపం వచ్చింది భోజనం దగ్గర. జోకర్ కన్నీళ్ల మీద లోకమంతా పాటలు కట్టింది. ఇటలీ స్వరకర్త లియోంకవాల్లో కట్టిన 1892 నాటి ‘పాలియాచ్చి’ ఒపెరాలో, భార్య మోసం తెలిసిన కాసేపటికే రంగు పూసుకుని నవ్వించాల్సిన మనిషి పాట. దాన్ని తలుచుకుంటూ అమెరికన్ గాయకుడు స్మోకీ రాబిన్సన్ పాడిన ‘ది టియర్స్ ఆఫ్ ఎ క్లౌన్’. ‘మేరా నామ్ జోకర్’లో తల్లి పోయిన రోజు కూడా ఆట ఆడాల్సిన రాజ్ కపూర్. మనకైతే 1989 నాటి ‘విచిత్ర సోదరులు’లో అప్పు, రిజిస్టర్ పెళ్లికి సాక్షి కోసం తనని చేరదీసిన అమ్మాయి తనని ప్రేమిస్తోందనుకున్న పొట్టి సర్కస్ జోకర్, ఆ తర్వాత ఇళయరాజా బాణీలో బాలు గొంతు. ఇవన్నీ నాకు ప్రాణం, ఆ పాట ఇప్పటికీ పూర్తిగా వినలేను. కానీ తెర మీద జోకర్ కోసం ఇంత ఏడ్చేవాళ్లం, ఎదురుగా చెమటకి తడిసి ముద్దైన జోకర్‌ని మంచినీళ్లు తాగావా అని అడగకపోతే ఎలా? మేనేజర్ ఆయన్ని వేషం తీసేసి వెనక గేటు నుంచి వెళ్లిపొమ్మన్నాడు, జోకర్‌కి భోజనం ప్యాకేజీలో లేదట. మా అక్క ఊరుకోలేదు, ముందు వరసలో కూర్చోబెట్టి దగ్గరుండి వడ్డించింది. మేమిచ్చిన రెండున్నర వేలల్లో ఆయన చేతికి వచ్చేది సగం కూడా కాదని అప్పుడే తెలిసింది. మేం విడిగా ఇచ్చాం, మీరూ ఇవ్వండి, కవర్లో పెట్టి ఆయన చేతికే ఇవ్వండి.

బుక్ చేసేటప్పుడు ఏ వేషం అని కాకుండా ఏ మనిషి వస్తాడు అని అడగండి, కుదిరితే ఆ మనిషితో ఫోన్లో ఒక్కసారి మాట్లాడండి, మాట్లాడిస్తే తెలిసిపోతుంది పనివాడో కాదో. ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టకూడదని ముందే ఖాయం చేసుకోండి, బెలూన్లు ఇంట్లో కుర్రాళ్లెవరైనా ఇస్తారు. జోకర్ ఆట కేకు కోయకముందు పెట్టించండి, కేకు తర్వాత పిల్లలు చాక్లెట్ల మీద పడతారు, ఎవరూ కూర్చోరు. కుర్చీలు తీసేసి జంబుఖానా పరిచి పిల్లల్ని కింద కూర్చోబెడితే వెనక పెద్దవాళ్లకి కూడా కనపడుతుంది. మూడేళ్లలోపు వాళ్లని ఒళ్లోనే ఉంచుకోండి, తోయకండి. జోకర్ ఆట నడిచినంతసేపూ డీజే పూర్తిగా ఆగాలి, డిస్కో లైట్లు ఆపి మామూలు లైట్లు వెయ్యాలి, కాలర్ మైకు జోకర్‌కి ఇవ్వాలి. ఈ మూడూ అడ్వాన్స్ ఇచ్చే ముందే వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట మీద వదిలితే ఆ రోజు ఎవరూ వినరు. ఆదివారాలు, పెళ్లిళ్ల సీజన్లో శనివారాలు కూడా మంచి పనివాళ్లు ముందే అయిపోతున్నారు, కనీసం రెండు వారాల ముందు చెప్పుకోండి.