దగ్గరి చూపు కెమెరాతో 120 డైవ్‌లు

నా కెమెరా డబ్బా మీద 15 మీటర్ల లోతు వరకు వాటర్‌ప్రూఫ్ అని ఉంది. స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు చేసినవాళ్లు 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఆ మూడు మీటర్లలో ఏముందిలే అనుకున్నాను. తీరా దిగాక, పక్కనుంచి తాబేలు ఈదుకుంటూ పోతున్నా నా చూపు లోతు చూపించే డైవ్ కంప్యూటర్ మీదే: 14.2, 14.6... ఆ టెన్షన్ పడలేక నెల తిరక్కుండానే హౌసింగ్ (కెమెరాను లోపల పెట్టి మూసే, నీళ్లు చొరని గట్టి పెట్టె) కొన్నాను. దాంతో 45 మీటర్ల దాకా భయం లేదు. స్కూబా కోసమే కొనేవాళ్లు ఆ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోండి.

నాలుగేళ్లయింది, 120 డైవ్‌లు దాటాయి. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. 12 మెగాపిక్సెళ్లు, 1/2.3 అంగుళాల సెన్సర్, జేబులో పట్టే సైజు. ఈ తరహా కెమెరాలన్నిటి మంచీ చెడూ దాదాపు ఒకటే.

కెమెరాతో చేసిన మొదటి 30 డైవ్‌ల ఫొటోల్లో నేను ఉంచుకున్నవి పది కూడా లేవు. అన్నిటికీ నీలిమందు కలిపినట్టే ఉండేది. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే. ఐదు మీటర్లు దాటేసరికే అది చాలావరకు పోతుంది. ఒకసారి 18 మీటర్ల దగ్గర రాయి గీరుకుని వేలు తెగితే, కారిన రక్తం ఆకుపచ్చగా కనిపించింది! అండర్‌వాటర్ మోడ్ రంగులను కొంత సరిచేస్తుంది కానీ, అక్కడ లేని ఎరుపును ఎక్కడినుంచి తెస్తుంది? వెలుతురు మనమే పట్టుకెళ్లాలి. అలాగని కెమెరాలోని ఫ్లాష్ వేస్తే ఇంకో తలనొప్పి. అది లెన్స్ పక్కనే ఉండటంతో నీళ్లలో తేలే నలుసులన్నీ మెరిసి, ఫొటో నిండా మంచు కురిసినట్టు వస్తుంది. డైవర్లు దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. స్ట్రోబ్‌ను, అంటే విడిగా ఉండే ఫ్లాష్‌ను, పక్కకు చాచిన కడ్డీకి బిగించి పక్కనుంచి వెలుగు పడేలా చేశాక గానీ ఆ గొడవ తగ్గలేదు.

ఇక దూరం సంగతి. నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే పావువంతు దగ్గరగా కనిపిస్తాయి. చేతికందేలా ఉందనుకుని నొక్కితే చేప ఫొటోలో చిన్న చుక్కై కూర్చుంటుంది. జూమ్ చేస్తే మధ్యలో ఉన్న నీళ్లూ నలుసులూ కూడా ఫొటోలోకే వస్తాయి. పెద్ద పగడపు దిబ్బలు, చేపల గుంపులు, దూరంగా వెళ్లే సొరచేప... వీటి మీద ఆశ వదులుకోండి. చిన్న సెన్సర్, మసక వెలుతురు కలిస్తే మిగిలేది గరుకు బొమ్మే.

కానీ ఒక సెంటీమీటరు దూరంలో ఫోకస్ చేసే మాక్రో మోడ్ ఉంది చూడండి, దానికోసమే ఈ కెమెరాను వదల్లేకపోతున్నాను. ఒకరోజు రాతి అంచున గోరంత నూడిబ్రాంక్ కనిపించింది. పెంకులేని సముద్రపు నత్త అన్నమాట. ఊపిరి కూడా మెల్లగా వదులుతూ పది నిమిషాలు దాని ముందే ఉన్నాను. పైకొచ్చి స్క్రీన్‌లో పెద్దది చేసి చూస్తే, వీపు మీద పువ్వులా విచ్చుకున్న మొప్పలు, కొమ్ముల మీది సన్నని ముడతలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. నా కళ్లతో నేను చూడనివి అవి.

హౌసింగ్ విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. పడవ మీద హడావిడిగా మూత బిగించాను. రెండు మీటర్లు దిగానో లేదో, పక్కనుంచి సన్నగా బుడగలు మొదలయ్యాయి. వెంటనే పైకొచ్చి తెరిస్తే లోపల రెండు చెంచాల నీళ్లు, మూత దగ్గర నీళ్లను ఆపే రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక. కెమెరా స్వతహాగా వాటర్‌ప్రూఫ్ కాబట్టి బతికిపోయింది. మామూలు కెమెరా అయితే అక్కడితో సరి. ఇప్పుడు ముందురోజు రాత్రే, చల్లటి పొడి గదిలో, ఓ-రింగ్ తుడిచి, పలుచగా సిలికాన్ గ్రీజు రాసి, తేమ పీల్చే చిన్న సిలికా జెల్ పొట్లం లోపల పెట్టి మూసేస్తాను. అద్దానికి ఆవిరి పట్టడమూ దీంతోనే తగ్గింది.

బ్యాటరీ రెండు డైవ్‌లకు వస్తుంది, మూడోదానికి నమ్మలేం. మందపాటి గ్లవ్స్‌తో బటన్లు నొక్కడం కష్టం.

కొత్తవాళ్లకు ఒక్కమాట: నా మూడో డైవ్‌లోనే కెమెరా పట్టుకెళ్తే, ఇన్‌స్ట్రక్టర్ పైకొచ్చాక, "మీ ఫొటోల సంగతేమో గానీ, మీ కాళ్ల ఫిన్లు లేపిన ఇసుకలో నా ముందున్నవాళ్లు కూడా కనిపించలేదండీ" అన్నాడు. తర్వాత ఇరవై డైవ్‌ల దాకా కెమెరాను బ్యాగులోంచి తీయలేదు.

ఈమధ్య స్నేహితుడి పెద్ద కెమెరా ఒక డైవ్‌కు అరువు తీసుకున్నాను. రంగులు అద్భుతం, కాదనను. కానీ రెండు చేతులూ దానికే సరిపోయాయి. నాకు రెండో స్ట్రోబ్ చాలు, అదే కొంటున్నాను.