మోకీలు మార్పిడికి ముందు ఈ వేడి బెల్టు కిట్ కొనకండి

ఇంట్లో ఎవరికైనా మోకీలు మార్పిడి ఆపరేషన్ తేదీ ఖరారైతే, ‘ఆపరేషన్‌కు ముందే మోకాలికి బలం’ అంటూ ఫోనులో ప్రకటనలు వెంటపడతాయి. అలాంటి కిట్ ఒకటి 11,800 రూపాయలు పెట్టి కొన్నాం. డబ్బు పోతే పోయింది, మా అమ్మ ఆపరేషన్ తేదీ కూడా పోయింది.

అమ్మకు 67 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగరు. తేదీకి ఇంకా ఆరు వారాలుందని, ఈలోగా తొడ కండరాలకు వ్యాయామం కావాలని, ఆస్పత్రిలోని ఫిజియోథెరపిస్టును కలవమని సర్జన్ చెప్పారు. ఆస్పత్రి దూరం, అమ్మను కారు ఎక్కించి దించడమే కష్టం. ఇంటికి వచ్చే కిట్ మేలనుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను.

పెట్టెలో మూడు రబ్బరు పట్టీలు, మోకాలికి చుట్టుకునే కరెంటు వేడి బెల్టు ఉన్నాయి. దానితోపాటు వీడియో కాల్‌లో ‘నిపుణుడి’ సలహా. ఆ అబ్బాయి ఎక్స్‌రే చూపించమనలేదు, షుగరు ఉందా అని కూడా అడగలేదు. రోజుకు ముప్ఫై గుంజీలు తీయాలి, మెట్లు ఎక్కి దిగాలి, ఆ తర్వాత అరగంట బెల్టు పెట్టుకోవాలి అన్నాడు. మూడో రోజుకే మోకాలు వాచింది. ఫోను చేస్తే, వాపు తగ్గడానికి బెల్టు ఇంకాసేపు ఉంచమన్నాడు.

తొమ్మిదో రోజు రాత్రి బెల్టు విప్పుతూ చూశాను. మోకాలి చిప్పకు కాస్త పైన రూపాయి బిళ్లంత బొబ్బ. దాని పక్కనే బెల్టు కుట్ల వరుస చర్మం మీద అచ్చు పడి ఉంది. “మండలేదా అమ్మా?” అంటే “ఏమీ తెలియలేదురా” అంది. షుగరు చాలాకాలంగా ఉన్నవారి కాళ్లలో స్పర్శ తగ్గవచ్చని, చర్మం కాలుతున్నా తెలియకపోవచ్చని డాక్టరు చెప్పాకే అర్థమైంది.

ముందస్తు పరీక్షలకు వెళ్తే సర్జన్ ఆ పుండు చూసి ఆపరేషన్ వాయిదా వేశారు. కోత పెట్టే చోట పుండు ఉంటే క్రిములు లోపల అమర్చిన కృత్రిమ కీలుకు పట్టవచ్చు. అలా పడితే మళ్లీ కోసి ఆ కీలునే తీయాల్సి రావచ్చు. అందుకే చర్మం పూర్తిగా మానాలన్నారు. కాలి మీద వెంట్రుకలు కూడా ఇంట్లో గీయించవద్దన్నారు, సన్నని గాట్లతోనూ ఇదే భయం. అమ్మ దగ్గర ఉండటానికి సెలవు పెట్టి బెంగళూరు నుంచి వచ్చిన చెల్లెలు తిరిగి వెళ్లిపోయింది.

అప్పుడు కలిశాం ఫిజియోథెరపిస్టును. ఆవిడ మాతో ఒక్క వస్తువూ కొనిపించలేదు. ఇంట్లోని తువాలును చుట్టి మోకాలి కింద పెట్టించి, దాన్ని మంచానికేసి నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలమన్నారు. అమ్మ తొడ మీద నా చేయి పెట్టించి, “బిగుస్తోందేమో చూడండి” అన్నారు. మొదటి వారం నా చేతికేమీ తెలియలేదు. రెండో వారంలో అరచేతి కింద కండరం గట్టిపడింది. అమ్మ ఐదు అంకెలకు బదులు ఐదుసార్లు గోవింద నామం చెప్పుకొంటుంది. తర్వాత పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలు మోకాలు వంచకుండా జానెడు ఎత్తడం, పాదాలు ఆడించడం, కుర్చీ చేతులు పట్టుకుని పైకి లేవడం నేర్పారు. రేపు వాకరు మీద బరువు మోయాల్సింది చేతులే కదా. వాకరుతో నడక కూడా ఇప్పుడే నేర్పారు, ఆపరేషన్ నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం కష్టమట. ఆపరేషన్ తర్వాత తొడ ముందు కండరం బాగా బలహీనపడుతుంది, కాబట్టి ముందే కూడబెట్టుకోవాలన్నారు. గుంజీలు, మెట్లు అమ్మ మోకాలికి అసలే వద్దన్నారు.

కిట్ అమ్మినవారిని అడిగితే వాడిన వస్తువు వాపసు తీసుకోలేం అన్నారు. సలహా ఇచ్చిన అబ్బాయి ఏం చదివాడని మూడుసార్లు అడిగాను, జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. మీకూ ఇలా జరిగితే రసీదు, పెట్టె, వారు పంపిన సందేశాలు పారేయకండి. గాయాన్ని తేదీ కనిపించేలా ఫొటో తీసి ఉంచండి.

ఈ బెల్టు ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు ఈ రాత్రి పెట్టకండి. పొద్దున వెలుతురులో మోకాలి చుట్టూ, వెనక మడతలో కూడా చర్మం చూడండి. ఎర్రగా కమిలినా, బొబ్బ లేచినా ఆపరేషన్ రోజుదాకా దాచకుండా సర్జన్‌కు ఫోను చేసి చెప్పండి.