డాబా మీద మంచమా, కూలరా, ఏసీనా? ఎండాకాలం రాత్రికి ఏది మేలు?

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఒకటే పంచాయితీ. ఎవరు ఎక్కడ పడుకోవాలి? నాన్నది డాబా పార్టీ. ఆయన మడత మంచం మార్చి నెలాఖరుకే అటక దిగుతుంది. తమ్ముడిది ఏసీ పార్టీ. నేను హైదరాబాద్‌లో పదేళ్లు అద్దె ఇళ్లలో ఉండి వచ్చినదాన్ని కాబట్టి కూలర్ తరఫున మాట్లాడే పని నా మీద పడింది. అమ్మ ఏ పార్టీలోనూ లేదు. "మీరెక్కడ పడుకున్నా పొద్దున్నే దుప్పట్లు మడతపెట్టేది నేనేగా" అంటుంది.

మాది గుడివాడ పక్కన ఒక పల్లె. ఈ మూడు పడకలూ నేను ఏళ్ల తరబడి పడుకుని చూసినవే. పడుకోని దాని గురించి తీర్పు చెప్పకూడదు కాబట్టి నులక మంచం వేసుకుని చెట్టు కింద పడుకునేవాళ్లను, రాత్రంతా తడిగుడ్డ కప్పుకునేవాళ్లను ఈ పోటీలోంచి తీసేస్తున్నాను.

ముందు డాబా సంగతి. కోస్తాలో డాబా అంటాం, సీమలో మిద్దె అంటారు, అపార్ట్‌మెంట్ల వాళ్లు టెర్రస్ అంటారు. పేరేదైనా, రాత్రి దాని మీద పడుకోవాలంటే పని సాయంత్రం ఆరింటికే మొదలవుతుంది. స్లాబు పగలంతా ఎండ తాగి, ఆ వేడిని పొద్దు గూకాక తాపీగా వదులుతుంది. అందుకే నీళ్లు చల్లాలి. మొదటి బకెట్ పోయగానే సుయ్‌మని ఆవిరి లేస్తుంది, తొలకరి చినుకు పడ్డ వాసన వస్తుంది, అరికాళ్లు చురుక్కుమంటాయి. ఆ తడి ఆరాక ఏడింటికి మళ్లీ ఒక విడత. కొందరు బద్ధకించి రాత్రి తొమ్మిదింటికి ఒకేసారి నీళ్లు పోసి, వెంటనే చాప పరిచేస్తారు. ఇక ఆ రాత్రికి వాళ్లు ఇడ్లీ పాత్రలో పడుకున్నట్టే.

చాప అన్నాను కదా, డాబా మీద చాప కన్నా మంచమే మేలు. ఇది గొప్ప కోసం చెప్పేది కాదు. చుట్టూ నడుమెత్తు పిట్టగోడ ఉంటుంది. నేల మీద పడుకుంటే వచ్చే గాలి గోడ దాటి మన పైనుంచి వెళ్లిపోతుంది, మనకు మిగిలేది స్లాబు వేడి. నవారు మంచమైతే కిందా పైనా గాలి ఆడుతుంది. దానికి నాలుగు కర్రలు కట్టి దోమతెర వేస్తే, పైరగాలి తిరిగినప్పుడు తెర తెరచాపలా ఉబ్బుతుంది. చిన్నప్పుడు అలాంటి రాత్రి మంచం కదిలి నూజివీడు మామిడితోటల దాకా పోతుందేమోనని ఎదురుచూసేదాన్ని.

డాబాకు ఉన్న అసలు ఆస్తి ఆకాశం. మే నెలలో తొమ్మిదింటికల్లా ఉత్తరాన సప్తర్షి మండలం బాగా పైకెక్కి ఉంటుంది. దాని తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, ఆనుకుని మసకగా అరుంధతి. పెళ్లిలో పట్టపగలు పంతులుగారు వేలు చూపించి "కనబడిందా అమ్మా?" అంటే కనబడిందని తలూపినవాళ్లమే అందరం. నిజంగా కనబడేది డాబా మీదే, అదీ కళ్లు కాస్త చిట్లిస్తే. పదకొండింటికి ఆగ్నేయం వైపు తేలు ఆకారంలో వృశ్చికం లేచి ఉంటుంది, దాని గుండెలో ఎర్రగా జ్యేష్ఠ. నాన్న ఈ చుక్కల పాఠం ఏటా మొదటి నుంచీ చెబుతారు. అరుంధతి దగ్గరికి వచ్చేసరికి సగం మంది నిద్రపోతారు. తేలు దాకా మెలకువగా ఉన్నది మా మేనత్త కూతురు ఒక్కతే. అదీ తేలంటే భయంతో.

ఇక కష్టాలు. రాత్రి ఒంటిగంటకు ఉత్తరాన మెరుస్తుంది. "పడదులే" అంటారు నాన్న. పడుతుంది. అమ్మ "లేవండ్రా, వాన!" అని కేకేస్తుంది. ఒకరి చేతిలో దిండ్లు, ఒకరి నెత్తిన పరుపు, మెట్ల మలుపులో అడ్డంగా ఇరుక్కున్న మడత మంచం, దాని వెనక తడుస్తూ నాయనమ్మ. అందరూ కిందికి చేరి తలలు తుడుచుకునేసరికి వాన ఆగిపోతుంది. తెల్లారి డాబా నిండా పక్కింటి చెట్టు మామిడి పిందెలు. వాన రాని రోజున ఐదున్నరకే సూర్యుడు మొహం మీదికి వస్తాడు, అంతకుముందే కాకులు వస్తాయి. ఆదివారం తొమ్మిదింటిదాకా పడుకుందామనుకునేవాళ్లకు డాబా పనికిరాదు. అపార్ట్‌మెంట్‌లో అయితే ఈ ముచ్చటే లేదు. టెర్రస్ తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది, పడుకోవడం కాదు కదా వడియాలు పెట్టుకోవడానికీ అసోసియేషన్ వాళ్లను అడగాలి.

ఇప్పుడు నా క్లయింటు కూలర్. దాని కిటుకు మన కుండదే. మట్టికుండ ఒంటికి చెమ్మ పట్టి, ఆ చెమ్మ ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్లలోని వేడిని లాక్కుంటుంది. వెనకటికి కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లినా అదే పని జరిగేది, పైగా వాసన ఉచితం. కూలర్‌లో తడికల బదులు గడ్డి ప్యాడ్లో తేనెపట్టులాంటి అట్ట ప్యాడ్లో ఉంటాయి, వాటిలోంచి గాలిని ఫ్యాన్ లాగుతుంది. అంతే. కానీ నీరు ఆవిరవ్వాలంటే గాలిలో దానికి చోటుండాలి. గాలి ఎంత పొడిగా ఉంటే కూలర్ అంత చల్లగా ఊదుతుంది.

హైదరాబాద్‌లో ఈ సూత్రం అద్భుతంగా పనిచేసింది. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది. మొదటి ఏడాది మాత్రం నేను కిటికీలన్నీ బిగించి, తలుపేసి కూలర్ పెట్టుకున్నాను. అర్ధరాత్రికి గది బట్టలుతికే దొడ్డిలా తయారైంది. తెల్లారి ఓనర్ ఆంటీ నవ్వి, "కిటికీ తెర్వు బిడ్డా, గాలి బయటికి పోకుంటే సల్లగెట్లయితది?" అంది. ఆ రోజు నుంచి కూలర్‌ను కిటికీలో బయటివైపు పెట్టి, ఎదురు కిటికీ ఓరగా తీసి పడుకున్నాను. ఏసీలకు అలవాటుపడ్డ చుట్టాలు వచ్చి ఆ కిటికీ మూసేవాళ్లు. మళ్లీ నేను తీసేదాన్ని. చుట్టరికాలు ఇలాగే పలచనవుతాయి.

ఆ గెలుపు తలకెక్కి, ఊరికి తిరిగొచ్చేటప్పుడు సామాన్ల లారీలో కూలర్‌ను కూడా తెచ్చాను. మే నెల, మా ఊరు, పక్కనే కాలువలు, దగ్గర్లోనే సముద్రం. గాలిలో అప్పటికే పట్టినంత తేమ ఉంది, కూలర్ నీళ్లు ఎక్కడికి పోతాయి? మూడు రోజుల్లో ఉప్పు డబ్బాలో నీరు చేరింది, అప్పడాలు రుమాళ్లలా మెత్తబడ్డాయి, పక్క మీది దుప్పటి పిండితే కారేలా అయింది. నాన్న వచ్చి దాని ముందు కాసేపు నిలబడి, "ఏమ్మాయ్, డబ్బులు పోసి ఉక్క కొనుక్కొచ్చావా? ఇక్కడ ఊరికే వస్తోందిగా" అన్నారు. ఇప్పుడా కూలర్ టాప్ మీద అమ్మ ఊరగాయ జాడీలు పెట్టుకుంది.

అయినా నా క్లయింటు గురించి రెండు మంచి మాటలు చెప్పాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది. దాని హోరుకు అలవాటు పడితే పక్కింటి కుక్కలూ పెళ్లి డీజేలూ వినబడవు. ఆ హోరు ఆగితేనే మెలకువ వస్తుంది, అంటే నీళ్లైపోయాయని అలారం. చెడు మాట కూడా ఒకటి. నీళ్లు మార్చకుండా వదిలేస్తే చేపల బజారు వాసన, దాంతోపాటు డెంగీ దోమలు. వారానికోసారైనా టబ్బు మొత్తం ఖాళీ చేసి కడిగి ఎండబెట్టాలి.

ఏసీ గురించి చెప్పడానికి పెద్దగా ఏముంది, చల్లగా ఉంటుంది. ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. 1902లో విల్లిస్ కారియర్ అనే ఇంజినీరు దీన్ని మనుషుల కోసం చేయలేదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకు కాగితాలు సాగిపోయి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడటం లేదని, గాలిలో తేమను అదుపు చేయడానికి చేశాడు. మా ఊళ్లో కూలర్ ఎందుకు ఓడిందో, ఏసీ ఎందుకు గెలిచిందో ఇందులోనే ఉంది. ఇది చల్లబరచడంతో పాటు గాలిలోని నీటిని పిండేస్తుంది. గోడ బయట గొట్టంలోంచి బొట్లు బొట్లుగా పడేది ఆ నీరే. మా అమ్మ దాని కింద బకెట్ పెట్టి కరివేపాకు మొక్కకు పోస్తుంది.

టన్నున్నర ఏసీ అంటే దాని బరువు అని మా బాబాయి చాలాకాలం నమ్మాడు, గోడ ఆగుతుందా అని మేస్త్రీని కూడా పిలిపించాడు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అంతే సమయంలో గదిలోంచి తోడే శక్తినే ఇక్కడ ఒక టన్ను అంటారు. మంచుగడ్డలతో చల్లబరుచుకున్న రోజుల లెక్క ఇంకా అలాగే మిగిలింది.

ఏసీ గదిలో అసలు సమస్య వేడి కాదు, రిమోట్. తమ్ముడు 18 పెడతాడు. అలా పెడితే గది త్వరగా చల్లబడుతుందని వాడి నమ్మకం. మామూలు ఏసీలో గది చల్లబడే వేగం మారదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుందంతే. మరదలు అర్ధరాత్రి లేచి 26 చేస్తుంది. వాడు మూడింటికి మళ్లీ 18 చేసి రగ్గు ముసుగేస్తాడు. డబ్బిచ్చి చలి కొనుక్కుని, ఆ చలి తగలకుండా ఇంకో డబ్బిచ్చి రగ్గు కొనుక్కోవడం మనవాళ్లకే చెల్లింది. ఈ గొడవ ఢిల్లీ దాకా వెళ్లినట్టుంది, స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24లోనే మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ అంటుంది. మా మరదలు ఈ ముక్కను కాగితం మీద రాసి ఏసీ కిందే అంటించింది.

సెలవుల్లో పిల్లలంతా వచ్చినప్పుడు ఏసీ గది చూడాలి. ఒక్క గదిలో పదకొండు మంది. ఎవరు బాత్రూమ్‌కు లేచినా పది గొంతులు ఒకేసారి "తలుపెయ్యండెహె, చల్లంతా పోతోంది!" అంటాయి. అంతమంది ఒంటి వేడికి ఏసీ ఎలాగూ చేతులెత్తేస్తుంది. డాబా మీద పదకొండు మంది పడుకుంటే అది పండగ, ఏసీ గదిలో పడుకుంటే తత్కాల్ దొరకనివాళ్ల జనరల్ బోగీ.

ఖర్చు లెక్క సులువే. టన్నున్నర ఏసీ ఎనిమిది గంటలకు వాడకాన్నిబట్టి ఆరు నుంచి పది యూనిట్ల దాకా తింటుంది. కూలర్‌కు ఒకటిన్నర యూనిట్ చాలు, కాకపోతే నీళ్లు మొయ్యాలి. డాబాకు నాలుగు బకెట్ల నీళ్లు, ఒక దోమల చుట్ట. మే నెల బిల్లు వచ్చినరోజు మా నాన్న దాన్ని అందరికీ వినబడేలా చదువుతారు, స్లాబు మారిన చోట కాస్త ఆగి కళ్లజోడు పైనుంచి తమ్ముణ్ణి చూస్తారు. ఆయన మాట్లాడే స్లాబులు రెండే, ఒకటి బిల్లులోది, ఒకటి నెత్తి మీది.

మరి ఏది మేలు? మీరెక్కడున్నారన్నదాన్నిబట్టి చెప్తాను. హైదరాబాద్, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం వైపు ఉంటే, కిటికీ తీసిపెట్టుకునే ఓపిక ఉంటే, కళ్లు మూసుకుని కూలర్ కొనండి. తొలకరి పడేదాకా దాన్ని మించింది లేదు. పడ్డాక మాత్రం అది కూడా మా ఊరి కూలర్ అయిపోతుంది. విజయవాడ, మచిలీపట్నం, కాకినాడ, విశాఖ వైపైతే కూలర్ జోలికి పోకండి, చేతనైతే ఏసీ, లేదంటే మంచి ఫ్యాన్.

డాబాకు మాత్రం ఊరితో పాటు కార్తె కూడా చూడాలి. భరణి, కృత్తిక కార్తెల్లో మా వైపు రాత్రి తొమ్మిదికల్లా సముద్రపు గాలి అందుకుంటుంది, ఆ రోజుల్లో డాబాతో ఏసీ కూడా పోటీకి రాలేదు. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది. రోళ్లు పగిలే రోహిణి అని ఊరికే అనలేదు. పడమటి గాలి బలంగా వీచినన్ని రోజులూ సముద్రపు గాలి లోపలికి రాదు, స్లాబు తెల్లారేదాకా కక్కుతూనే ఉంటుంది. ఆ రెండు వారాలు పంతానికి పోయి పైన పడుకోవడం అనవసరం. నేనీ మాట నాన్నతో అన్నాను. "మీ తాతయ్య రోహిణిలోనూ పైనే పడుకున్నాడు" అన్నారు. తాతయ్య కాలంలో పైన ఉన్నది స్లాబు కాదు, తాటాకు కప్పు అని నాయనమ్మ లోపల్నుంచి కేకేసింది.

పోయిన వేసవికి ఒక ఒప్పందం కుదిరింది. పదకొండింటిదాకా అందరూ డాబా మీదే, ముంజలూ కబుర్లూ అక్కడే. తర్వాత పిల్లలూ, నిద్ర ముఖ్యమనుకునేవాళ్లూ కిందికి, ఏసీ 26లో, ఫ్యాన్ రెండు మీద. నాన్న పైనే. ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నారు. ఒంటిగంటకు వాన వస్తే ఏసీ గదిలోంచి లేచివెళ్లి ఆయన మడత మంచం ఎవరు దించాలన్న దగ్గరే చర్చ ఆగింది. తమ్ముడు నన్ను చూశాడు, నేను మరదల్ని చూశాను, మరదలు ఏసీ కింద అంటించిన కాగితాన్ని చూసింది.