పైరేట్ అడ్వెంచరా, మంకీ ఐలాండా: ముందు ఏది ఆడాలి?

దీవి, ఓడ, నిధి. పాత హోమ్ కంప్యూటర్ ఆటల్లో ఈ మూడూ ఉన్నవి రెండంటే నాకు ప్రాణం.

స్కాట్ ఆడమ్స్, అలెక్సిస్ ఆడమ్స్ రాసిన 'పైరేట్ అడ్వెంచర్' మొదట టీఆర్‌ఎస్-80 అనే హోమ్ కంప్యూటర్ మీద వచ్చినప్పుడు ఒక్క బొమ్మ కూడా లేదు, అన్నీ అక్షరాలే. అంతా 16కె (కిలోబైట్ల) మెమరీలో ఇమిడిపోయింది. 'గెట్ బుక్' లాంటి రెండు మాటల ఆజ్ఞలు టైప్ చేస్తూ ఆడాలి. కథ లండన్‌లోని ఒక ఫ్లాట్‌లో మొదలవుతుంది. అక్కడి నుంచి 'యోహో' అనే మంత్రంతో దీవికి చేరాక, ఓడ మనమే కట్టుకోవాలి. మరి మేకులు? అవి లండన్ ఫ్లాట్‌లోనే ఉన్నాయి, నేలకు బిగించిన పాత తివాచీకి కొట్టి! సుత్తి సంపాదించి పీక్కోవాలి. ఇది తట్టిన క్షణం కుర్చీలోంచి లేచిపోయాను.

1990లో రాన్ గిల్బర్ట్ బృందం తెచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో టైపింగ్ బాధ లేదు. తెర అడుగున ఉన్న మాటల్ని మౌస్‌తో నొక్కితే చాలు. బొమ్మలు, సంగీతం, కడుపుబ్బా నవ్వించే సంభాషణలు ఉన్నాయి. కత్తియుద్ధంలో గెలిచేది కూడా దీటైన ఎదురు తిట్టే. తప్పటడుగు వేసినా చావు దాదాపు ఉండదు.

పిల్లలతో ఆడేవాళ్లు రెండోదే మొదలుపెట్టండి. నేను మాత్రం మొదటిదాని వైపే. కాగితం మీద దీవి పటం గీసుకుంటూ ఆడితే, ఆ అలల చప్పుడు మన ఊహలోంచే వస్తుంది.