అమెరికాలో లాభాపేక్ష లేని ఆస్పత్రి వ్యవస్థ: ఏళ్ల తరబడి వాడిన మీదట

మా కుటుంబం చాలా ఏళ్లుగా ఒకే లాభాపేక్ష లేని ఆస్పత్రి వ్యవస్థలో వైద్యం చేయించుకుంటోంది. నా భార్య అందులోనే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తోంది కాబట్టి, రోగుల అనుభవంతో పాటు సిబ్బంది అనుభవం కూడా మాకు దగ్గరగా తెలుసు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అమెరికాలోని సాధారణ ఆస్పత్రుల్లో సగానికి పైగా ఈ కోవకు చెందినవే కనుక, ఇందులో చాలా విషయాలు మీరు వెళ్లే ఆస్పత్రికీ వర్తించవచ్చు.

లాభాపేక్ష లేదన్నంత మాత్రాన వైద్యం ఉచితంగానో చవకగానో దొరుకుతుందని అనుకోకూడదు. మిగులు సొమ్మును వాటాదారులు పంచుకోవడానికి వీలుండదు, అంతే. 501(సి)(3) అనే, పన్ను చట్టంలో ఇలాంటి సంస్థలకిచ్చే హోదా ఉన్న సంస్థకు ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు, చాలాచోట్ల ఆస్తి పన్ను కూడా ఉండదు. అందుకు బదులుగా సమాజానికి మేలు చేయాలని ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్ 1969లోనే చెప్పింది గాని, ఇంత మేలు చేసి తీరాలన్న కొలత ఫెడరల్ చట్టంలో లేదు.

రోగికి అక్కరకొచ్చే నిబంధనలు 2010 నాటి ఆరోగ్య చట్టంతో వచ్చాయి. వాటి విలువ మాకు మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు తెలిసింది. ఛాతీ నొప్పితో ఆవిడను ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, 1986 చట్టం కోరినట్టే, డబ్బు ప్రస్తావన లేకుండా ముందు పరీక్షలు చేసి చికిత్స మొదలుపెట్టారు. ఫోన్‌లో తెలుగు దుబాసీని కూడా ఉచితంగా ఏర్పాటు చేశారు. అక్కడివరకు వంక పెట్టడానికి ఏమీ లేదు. తరువాత వచ్చిన బిల్లులో ప్రయాణ ఇన్సూరెన్స్ చెల్లించింది పోగా మిగిలినదే పెద్ద మొత్తం. ఆర్థిక సహాయ పథకం ఉందన్న సంగతి ఆ బిల్లు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. దరఖాస్తు ఫారం కోసం ఫోన్ చేస్తే మొదట మాట్లాడిన ఉద్యోగికి ఆ పథకం గురించే తెలియదు, వాయిదాల్లో కట్టమని సలహా ఇచ్చింది. పట్టుబట్టి దరఖాస్తు చేశాక బిల్లు చాలావరకు తగ్గించారు. కొన్ని ఆస్పత్రులు ఈ సహాయాన్ని స్థానిక నివాసులకే పరిమితం చేస్తాయి కాబట్టి, తల్లిదండ్రులను పిలిపించుకునేవారు ముందే విధానపత్రం చదివి పెట్టుకోవడం మంచిది. డిశ్చార్జి తర్వాతి మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలని, మొదటి 120 రోజుల్లో కోర్టుకెక్కడం వంటి తీవ్రమైన వసూలు చర్యలు చేపట్టకూడదని నియమం. అర్హత పొందినవారి నుంచి, ఇన్సూరెన్స్ ఉన్నవారికి సాధారణంగా పడే మొత్తం కంటే ఎక్కువ వసూలు చేయకూడదు.

నాకు నచ్చనిది ఫెసిలిటీ ఫీజు. మేము వెళ్లే చిన్న క్లినిక్‌ను ఈ వ్యవస్థ కొనుక్కున్నాక, అదే డాక్టరు అదే గదిలో చూసినా, ఆస్పత్రి తరఫున మరో బిల్లు రావడం మొదలైంది.

సమాజసేవ విషయానికి వస్తే, స్థానిక ఆరోగ్య అవసరాలపై మూడేళ్లకోసారి నివేదిక ఇవ్వడం తప్పనిసరి. మా ఆస్పత్రి నివేదిక మానసిక ఆరోగ్యాన్ని మొదటి అవసరంగా గుర్తించింది. అయినా కౌన్సెలింగ్‌కు అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పట్టింది. ఏటా ఐఆర్‌ఎస్‌కు ఇచ్చే ఫారం 990లో ఆస్పత్రి సమాజసేవ లెక్కలుండే షెడ్యూల్ హెచ్ అనే భాగాన్ని ఎవరైనా చూడవచ్చు. అందులో పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్, ఖర్చుకంటే తక్కువ చెల్లించడం వల్ల వచ్చే లోటును కూడా సమాజానికి చేసిన మేలు కిందే లెక్కిస్తారు కనుక, పేదలకు మాఫీ చేసిన ఖర్చును విడిగా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. పెద్ద అధికారుల జీతాలు కూడా ఆ ఫారంలోనే ఉంటాయి. సిబ్బంది ఆసక్తిగా చదివే పేజీ అదొక్కటేనని మా ఇంట్లో అంటుంటారు.

సిబ్బందికి పెద్ద ఆకర్షణ చదువు అప్పు మాఫీ. 2007లో వచ్చిన పథకం కింద, ఇలాంటి సంస్థలో పూర్తికాలం పనిచేస్తూ అర్హమైన 120 నెలసరి వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ డైరెక్ట్ లోన్ (ప్రభుత్వమే నేరుగా ఇచ్చిన చదువు అప్పు) రద్దవుతుంది. రాత్రి షిఫ్టుల్లో మనుషులు చాలక ఒకరే ఇద్దరి పని చేయాల్సివచ్చినా నా భార్య సహోద్యోగులు చాలామంది ఉద్యోగం మారకపోవడానికి ఇదే కారణం. ఆ 120 వాయిదాలు పూర్తయ్యాక వెళ్లిపోయినవారూ ఉన్నారు, వారిని తప్పుపట్టలేం.

ఎమర్జెన్సీ, శస్త్రచికిత్స, ల్యాబ్ సేవల కోసం మేము ఇక్కడే కొనసాగుతున్నాం. కౌన్సెలింగ్‌కు మాత్రం బయటకు వెళ్తున్నాం, ప్రతి బిల్లుకూ పద్దులవారీ వివరం అడిగి తీసుకున్నాకే డబ్బు కడుతున్నాం.