లంచం అడిగారు: శాఖ విజిలెన్స్‌కా, ఏసీబీకా?

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: డబ్బు ఇంకా చేతులు మారలేదా, మారిపోయిందా?

మారకపోతే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ). తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1064. మామూలుగా నోట్లు ఫిర్యాదుదారే తెచ్చుకోవాలి. ఏసీబీ వాళ్లు వాటి నంబర్లు రాసుకుని ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ నోట్లు లంచంగా తీసుకున్నవాడి వేళ్లు సోడియం కార్బనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగు తేలుతుంది. అయితే రంగొక్కటే చాలదు, అతను డబ్బు అడిగినట్టూ రుజువు కావాలి. చాలా కేసులు వీగిపోయేది అక్కడే. అందుకే అడిగిన మాటల రికార్డింగు, తేదీలు దాచుకోండి.

తప్పనిసరై ఇచ్చేసి ఉంటే 7 రోజుల్లోగా పోలీసులకో, ఏసీబీకో చెప్పాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. ఆ గడువులో చెబితేనే మినహాయింపు. శాఖ విజిలెన్స్‌కు (సిబ్బంది తప్పులను విచారించే ఆ శాఖ సొంత విభాగానికి) రాసిన ఉత్తరం ఇక్కడ అక్కరకు రాదు.

శ్రమ: విజిలెన్స్‌కు మామూలుగా సంతకంతో ఫిర్యాదు, జత కాగితాలు చాలు. ఏసీబీ అయితే ఏళ్ల తర్వాత కూడా కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు.

రుజువు: శాఖాపర విచారణలో తప్పు జరిగిందనడానికే ఎక్కువ ఆస్కారముందని తేలితే చాలు. కోర్టులో సహేతుకమైన సందేహానికి తావుండకూడదు.

ఫలితం: శాఖాపర విచారణలో ఇంక్రిమెంటు కోత నుంచి డిస్మిస్ దాకా, ఏసీబీ కేసులో నేరం రుజువైతే జైలు.

విజిలెన్స్‌తో చిక్కు: విచారించేవారూ, విచారణ ఎదుర్కొనేవారూ ఒకే గొడుగు కింద ఉంటారు. పైగా నివేదిక సిఫార్సు మాత్రమే, శిక్ష వేసేది క్రమశిక్షణాధికారి.

టెండరు నిబంధనల ఉల్లంఘన, చేసిన పనుల కొలతలు రాసే పుస్తకంలో దొంగ లెక్కలు, కావాలని తొక్కిపెట్టిన ఫైలు లాంటివైతే విజిలెన్సే మేలు. ఆ రికార్డులు వాళ్లకు వెంటనే అందుతాయి.