ఆర్‌ఈడబ్ల్యూతో ఇంట్లోనే సబ్‌వూఫర్ కొలతలు: బెంగళూరు నుంచి ఒక సమీక్ష

రూమ్ ఈక్యూ విజార్డ్ (ఆర్‌ఈడబ్ల్యూ) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మనలో చాలామంది గదిలోని ధ్వనిని సరిచూసుకోవడానికే వాడుతుంటారు. స్పీకర్ ఇంపీడెన్స్‌ను (ఏసీ సిగ్నల్‌కు అది చూపే నిరోధాన్ని) కొలిచి, దాని నుంచి థీల్-స్మాల్ పారామీటర్లను (బాక్సు డిజైన్‌కు కావలసిన స్పీకర్ లక్షణాల అంకెలను) లెక్కకట్టే విభాగం కూడా అందులో ఉన్నదన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. జాన్ మల్కాహీ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఒక 12 అంగుళాల కారు సబ్‌వూఫర్‌కు బాక్సు తయారుచేయించే పనిలో దీన్ని వాడి చూశాను కనుక, ఈ సమీక్ష ఆ ఒక్క విభాగానికే పరిమితం.

కొలవవలసిన అవసరమేమిటన్న ప్రశ్న సహజం. జేసీ రోడ్డులో డ్రైవర్ (అంటే బాక్సు లేని స్పీకర్) అమ్మిన దుకాణదారు, మన తెలుగాయనే, "రెడీమేడ్ బాక్సు ఉంది కద సార్, ఈ లెక్కలన్నీ ఎందుకు?" అని అడగనే అడిగారు. డ్రైవర్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్‌ఎస్ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 26 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె) 0.45, వీఏఎస్ (కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్ అంత మెత్తగా ఉండే గాలి పరిమాణం) 95 లీటర్లు అని అచ్చయి ఉంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పత్రం, ఆ తరువాత 1972-73లో రిచర్డ్ స్మాల్ వెలువరించిన పత్రాలు బాక్సు డిజైన్‌ను ఊహ నుంచి తప్పించి లెక్కలోకి తెచ్చిన మాట నిజమే గాని, ఆ లెక్కలో వేసే అంకెలు మన చేతిలో ఉన్న డ్రైవర్‌వి కాకపోతే వచ్చే జవాబు మరెవరి డ్రైవర్‌కో సరిపోతుంది.

కావలసిన సామగ్రి తక్కువ. రెండు లైన్ ఇన్‌పుట్లు, ఒక హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, 100 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, మొసలి క్లిప్పులు, మల్టీమీటర్, చిన్న తూకం యంత్రం ఉంటే చాలు. ఇంటర్‌ఫేస్ తప్ప మిగిలినవన్నీ ఎస్పీ రోడ్డులో ఒకే దుకాణంలో దొరుకుతాయి. ల్యాప్‌టాప్‌కు ఉండే ఒంటి సాకెట్టు ఈ పనికి చాలదు. దాని మైక్ ఇన్‌పుట్ ఒకే చానల్‌ది, ఇక్కడ రెండు చానళ్ళు తప్పనిసరి. సిగ్నల్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి ఒక రెసిస్టర్ గుండా డ్రైవర్‌కు వెళుతుంది. ఒక ఇన్‌పుట్ రెసిస్టర్‌కు ముందున్న వోల్టేజీని, రెండవది డ్రైవర్ కొసల వద్ద వోల్టేజీని చదువుతాయి. రెసిస్టర్ విలువ తెలుసు కనుక ఇంపీడెన్స్ తేలిపోతుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది క్యాలిబ్రేషన్ పద్ధతి, అంటే కొలతకు ముందు ఏర్పాటును సరిచూసుకునే తీరు. క్లిప్పులను విడిగా వదిలి ఒకసారి, రెండింటినీ కలిపి ఒకసారి, విలువ తెలిసిన రెసిస్టర్‌ను పెట్టి మరొకసారి కొలిపిస్తుంది. దీనివల్ల వైర్ల నిరోధం, ఇంటర్‌ఫేస్ లోపలి తేడాలు లెక్కలోంచి తొలగిపోతాయి. పాయింటు రెండు ఓమ్‌ల వైరు నిరోధం వినడానికి స్వల్పంగానే ఉంటుంది గాని, డీసీ నిరోధం 3.4 ఓమ్‌లున్న డ్రైవర్‌కు అది ఆరు శాతం. క్యూఈఎస్ (క్యూటీఎస్‌లో విద్యుత్ వైపు భాగం) కూడా దాదాపు అంతే మేరకు తప్పుతుంది. డీసీ నిరోధాన్ని మాత్రం మల్టీమీటర్‌తో మనమే కొలిచి ఇవ్వాలి కనుక, మీటరు ప్రోబులను ఒకదానికొకటి తాకించినప్పుడు కనిపించే అంకెను తీసివేయడం మరువకూడదు.

కొలిచే వేళ డ్రైవర్‌ను నిలువుగా, కదలకుండా బిగించాలి. మాగ్నెట్ వెనుక గాలి రంధ్రం ఉంటే దాన్ని మూయకూడదు. కొత్త డ్రైవర్ అయితే సస్పెన్షన్ సాగేందుకు ముందుగా కొన్ని గంటలు వాయించాలి. సీలింగ్ ఫ్యాన్‌ను ఆపివేయాలి, ఎందుకంటే అంత పెద్ద కోన్ మైక్రోఫోన్‌గా కూడా పనిచేస్తుంది. వీధిలో బీఎంటీసీ బస్సు వెళ్ళినా 20 హెర్ట్జ్ ప్రాంతంలో తెరపై ఇంపీడెన్స్ గీత వణుకుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసివేసి బ్యాటరీ మీద నడిపితే 50 హెర్ట్జ్ దగ్గర మెయిన్స్ హమ్ (కరెంటు లైను నుంచి చొరబడే గుయ్ మనే మోత) వల్ల కనిపించే ముల్లు మాయమవుతుంది. రెండు వాయిస్ కాయిళ్ళు (కోన్‌ను కదిపే తీగచుట్టలు) ఉన్న డ్రైవర్లలో రెండింటినీ సిరీస్‌లోనో ప్యారలల్‌లోనో కలిపే కొలవాలి. ఒక్కదానికే క్లిప్పులు తగిలిస్తే క్యూఈఎస్ రెట్టింపుగా కనిపించి, డ్రైవర్ నాసిరకమని అనవసరంగా అనుమానించవలసి వస్తుంది.

మొదటి కొలతలో గీత 28 హెర్ట్జ్ వద్ద 34 ఓమ్‌లకు లేచింది. ఇది డీసీ నిరోధానికి పది రెట్లు. ఆ పదికి వర్గమూలం 3.16; అంటే ఇంపీడెన్స్ 10.75 ఓమ్‌లుండే రెండు చోట్లను శిఖరానికి అటూ ఇటూ వెదకాలి. అవి 21.1, 37.1 హెర్ట్జ్ వద్ద కనిపించాయి. వాటి మధ్య దూరం నుంచి క్యూఎంఎస్ (క్యూటీఎస్‌లో యాంత్రిక భాగం) 5.5, క్యూఈఎస్ 0.61, క్యూటీఎస్ 0.55 వస్తాయి. ఇదంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది, అయినా కాగితం మీద ఒకసారి వేసి చూసుకుంటే ఫలితంపై నమ్మకం కుదురుతుంది.

వీఏఎస్ కోసం రెండవ కొలత కావాలి. కోన్ మీద తెలిసిన బరువును అంటించి మళ్ళీ కొలిస్తే ఎఫ్‌ఎస్ దిగుతుంది. ఎంత దిగిందన్నదాన్ని బట్టి కోన్ బరువు, సస్పెన్షన్ మెత్తదనం తెలుస్తాయి. తూచిన 80 గ్రాముల మైనపు మట్టిని డస్ట్ క్యాప్ (కోన్ నడుమ ఉండే మూత) చుట్టూ వలయంగా నొక్కితే 28 హెర్ట్జ్ కాస్తా 22.3 అయింది, కదిలే భాగం బరువు 139 గ్రాములుగా తేలింది. కొందరు రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు పెడతారు. అవి ఉక్కువి, పైగా మాగ్నెట్ దగ్గరే ఉంది కనుక నేను సిఫారసు చేయను. కోన్ వ్యాసాన్ని రబ్బరు సరౌండ్ (కోన్ అంచు చుట్టూ ఉండే వలయం) నడిమి నుంచి ఎదుటి నడిమికి కొలవాలి. వీఏఎస్ ఈ వ్యాసం నాలుగవ ఘాతాన్ని బట్టి మారుతుంది. 26 సెంటీమీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు పొరపాటు వీఏఎస్‌ను ఆరింట ఒక వంతు మేర తప్పిస్తుంది.

ఇక బెంగళూరువారికి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. వీఏఎస్ గాలి పీడనంపై ఆధారపడుతుంది. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వల్ల ఇక్కడి అసలు పీడనం సుమారు 910 హెక్టోపాస్కల్‌లు. సముద్రమట్టంలో అది 1013. ఆర్‌ఈడబ్ల్యూలో ఉష్ణోగ్రత, పీడనం నింపే గళ్ళున్నాయి గాని, ఫోన్‌లోని వాతావరణ యాప్ చూపే అంకెను అక్కడ వేస్తే లాభం లేదు. ఆ యాప్‌లు సాధారణంగా సముద్రమట్టానికి సవరించిన పీడనాన్నే చూపుతాయి. నా డ్రైవర్ వీఏఎస్ 1013 వేస్తే 93 లీటర్లు, 910 వేస్తే 84 లీటర్లు వచ్చింది. ఇదే డ్రైవర్‌ను చెన్నైలో కొలిచినవారు 93నే చూస్తారు, వారి లెక్కా సరైనదే. బాక్సు ఎక్కడ మోగుతుందో అక్కడి పీడనంతో వచ్చిన అంకెనే డిజైన్‌లో వాడాలి. డేటాషీట్ కంటే వీఏఎస్ పది శాతం తక్కువ వచ్చిందని తయారీదారును తప్పుపట్టే ముందు ఈ గడిని చూసుకోవడం న్యాయం.

క్యూటీఎస్‌కు ఈ సాకు వర్తించదు, 0.45కూ 0.55కూ మధ్య తేడా అసలైనదే. క్యూటీసీ (బాక్సులో బిగించాక ఉండే క్యూ విలువ) 0.707 కావాలనుకుంటే, కాగితం ప్రకారం 65 లీటర్ల సీల్డ్ (అన్నివైపులా మూసిన) బాక్సు చాలు. కొలత ప్రకారం 132 లీటర్లు కావాలి. చూడగానే కంగారు పుట్టించే తేడా ఇది. కానీ ఈ డ్రైవర్‌ను ఆ 65 లీటర్ల బాక్సులోనే బిగిస్తే క్యూటీసీ 0.84 దగ్గర ఆగుతుంది, బాస్‌లో వచ్చే ఉబ్బు అర డెసిబెల్ కూడా ఉండదు. కారులో దాన్ని చెవి పట్టలేదు. కనుక సీల్డ్ బాక్సు మాత్రమే కట్టుకునేవారికి ఈ శ్రమ తప్పనిసరి అని నేను అనలేను. పోర్టెడ్ (గాలి గొట్టం ఉన్న) బాక్సు సంగతి వేరు. అక్కడ 0.45 అనుకుని చేసిన డిజైన్‌లో 0.55 డ్రైవర్ కూర్చుంటే ట్యూనింగ్ (ఆ గొట్టం మోగే ఫ్రీక్వెన్సీ) దగ్గర బాస్ బాగా ఉబ్బి, ఏ పాట పెట్టినా ఒకే మోత వినిపిస్తుంది. కారు డిక్కీలో ముప్పావు వంతు ఆక్రమించే ప్లైవుడ్ బాక్సుకు, వడ్రంగి కూలికి డబ్బు పెట్టబోయేవారు ముందుగా ఒక సాయంత్రం ఈ కొలతకు కేటాయించడం మంచిది.

లోపాలు లేకపోలేదు. తెర నిండా మీటలు, గ్రాఫులతో కొత్తవారికి దారి దొరకదు. సహాయ పత్రం సమగ్రమైనదే గాని ఇంగ్లీషులో ఉంది, ఓపికగా చదవాలి. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌తో చేసేది చిన్న సిగ్నల్ కొలత. వాల్యూమ్ పెంచి వాయిస్ కాయిల్ వేడెక్కినప్పుడు డ్రైవర్ ఎలా ప్రవర్తిస్తుందో అది చెప్పదు. బాక్సు డిజైన్ కూడా ఇందులో జరగదు, వచ్చిన అంకెలను విన్‌ఐఎస్‌డీ వంటి మరొక ఉచిత ప్రోగ్రాములో వేసుకోవాలి. తరచుగా డ్రైవర్లు కొలిచే ఇన్‌స్టాలర్లకు డేటన్ ఆడియో వారి డాట్స్ వంటి పరికరం అనుకూలం. యూఎస్‌బీకి తగిలించి రెండు క్లిప్పులు పెడితే పని మొదలవుతుంది, విండోస్ ల్యాప్‌టాప్ మాత్రం ఉండాలి. ఒకటి రెండు డ్రైవర్ల కోసం దాన్ని తెప్పించడం దండగ. ఆడియో ఇంటర్‌ఫేస్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు ఎస్పీ రోడ్డుకు వెళ్ళినప్పుడు ఒక శాతం టాలరెన్స్ (విలువలో ఉండగల తేడా) ఉన్న మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లనే అడిగి, సర్క్యూట్‌కు ఒకటి, క్యాలిబ్రేషన్‌కు ఒకటి చొప్పున రెండు తీసుకోవాలి.